తాళం వేసిన నీళ్లు

ఎల్సా మొదటి బొమ్మ కోపంలో వేసింది.

అప్పటికి ఆమెకి యాభై దాటాయి. పడమటి ఆస్ట్రేలియా ఉత్తర కొసన, కింబర్లీ ప్రాంతంలో, ఒక చిన్న ఊరి చివర రేకుల ఇంట్లో ఉండేది. ఆ ఊరు ఆమెది కాదు. ఆమె వాళ్లది తూర్పున ఎర్రకొండల వెనకున్న నేల. దాన్ని తెల్లవాళ్లు ఎప్పుడో పశువుల ఎస్టేటుగా మార్చుకున్నారు. అక్కడ అలాంటి ఎస్టేటుని స్టేషన్ అంటారు. ఎల్సా తండ్రి ఆ స్టేషన్‌లో గుర్రాలు లొంగదీశాడు. తల్లి దొరసానికి వండిపెట్టింది. ఎల్సా బట్టలుతికింది. పిండి, టీ ఆకు, పొగాకు ఇచ్చేవారు, జీతమంటే అదే. అరవైల చివర్లో, నల్లవాళ్లకి, అంటే అక్కడి ఆదివాసులకి కూడా తెల్లవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని కోర్టు చెప్పగానే, స్టేషన్ వాళ్లు లారీ తెప్పించి కుటుంబాలకి కుటుంబాలనే ఎక్కించి ఈ ఊరి చివర దించేసి పోయారు. పుట్టింది మొదలు అక్కడే చాకిరీ చేసిన మనుషులు. వాళ్లతో వెళ్లొస్తామన్న మాట కూడా అనలేదు.

ఆ నేలలో ఒక నీటిగుంట ఉంది. రాతిగోడ కింద, నడి ఎండల్లోనూ ఇంకిపోని ఊట. వానలకి ముందు ఉక్కపోత నెలల్లో, మేఘాలు రోజూ వచ్చి కురవకుండా తిరిగిపోతూ ఉంటాయి. అప్పుడు ఎల్సా వాళ్ల ఇంటి ఆడవాళ్లు వెళ్లి గుంటలో రాలిన ఆకులు, పూడిక తీసి, పాటలు పాడి, నీళ్లతో మాట్లాడి రావాలి. ఎల్సా అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది. లారీలో తెచ్చి పడేశాక కూడా, ఎవర్నో బతిమాలి ఎవరి ట్రక్కులోనో ఎక్కి ఏటా వెళ్లి వచ్చేవాళ్లు. పాత యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

తర్వాత స్టేషన్ చేతులు మారింది. పెర్త్‌లోని ఒక పెద్ద కంపెనీ కొంది. ఆ ఏడు వెళ్లేసరికి కొత్త కంచె, ఇనప గేటు, గొలుసు, తాళం. పక్కన రేకు బోర్డు. మూడు నక్షత్రాల కింద ఎద్దు తల బొమ్మ, దాని కింద ఏవో అక్షరాలు. ఎల్సాకి చదువు రాదు. చెల్లెలి కూతురు కరోలిన్ చదివి చెప్పింది: లోపలికి రాకూడదట.

ముసలమ్మలు గేటు పట్టుకుని ఏడ్చారు. ఎల్సా ఏడవలేదు. ఇంటికొచ్చి, పాత బీరువా తలుపు ఊడదీసి నేల మీద పరిచి, ఎర్రమన్ను, పసుపు మన్ను నూరి, చెట్టు బంక కలిపి, ఆ తలుపు మీద గుంటని వేసింది. గుంట పైన కొండ, కొండ మీద నల్లమేఘం. నలుపుకి పొయ్యిలో బొగ్గు, అంచుల చుక్కలకి తెల్లసుద్ద.

"నన్ను అక్కడికి పోనివ్వకపోతే, దాన్నే ఇక్కడికి తెస్తా" అంది.

మళ్లీ వేసింది. ఆ తర్వాత ఆపలేదు.

శేషుకుమారి ఆ ఊరి ఆస్పత్రికి డాక్టరుగా వచ్చింది ఆ రోజుల్లోనే. కాకినాడలో చదువుకుంది. భర్త ద్వారకానాథ్ సివిల్ ఇంజనీరు. రాజమండ్రి మనిషి, జాంబియాలో కొన్నేళ్లు చేసి పెర్త్ చేరాడు. బయటి దేశంలో చదివిన డాక్టర్లకి సిటీలో ఉద్యోగాలు అంత తేలిగ్గా దొరికేవి కావు. ఎవరూ వెళ్లని చోటికి రెండేళ్లు వెళ్లొస్తే చూద్దామన్నారు. భర్తని పెర్త్‌లో వదిలి ఆమె ఒక్కతే వచ్చింది.

ఎల్సా కళ్లు ఎర్రబడి, పుసులు కారుతూ వచ్చింది. వెంట కరోలిన్ ఉంది. "మా అమ్మకి చూపు మసగ్గా ఉందట" అంది కరోలిన్. నర్సు కాగితాలు తిరగేసి, "ఈవిడ నీకు అమ్మ కాదుగా, అమ్మకి అక్క కదా. సరిగ్గా చెప్పు" అని విసుక్కుంది.

"ఆమె సరిగ్గానే చెప్పింది" అంది శేషుకుమారి. తర్వాత ఎల్సా వైపు తిరిగి, "మా భాషలోనూ అంతే. అమ్మకి అక్క అయితే అమ్మే. పెద్దమ్మ అంటాం. అంటే పెద్ద అమ్మ" అంది.

ఎల్సా వాచిన కళ్లతోనే ఆమెని పైనుంచి కింది దాకా చూసింది.

"మరి నాన్నకి తమ్ముడు?"

"చిన్నాన్న. చిన్న నాన్న."

"మంచిది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిన వాళ్లే మీరు" అంది ఎల్సా. ఆ రోజు నుంచి వైద్యం చేయించుకోవడం కంటే కూర్చుని మాట్లాడ్డానికే ఎక్కువగా వచ్చేది. శేషుకుమారి పెర్త్ తిరిగి వెళ్లిపోయాక కూడా కరోలిన్ చేత ఫోన్లు చేయించేది.

ఎనభై ఎనిమిదిలో, తెల్లవాళ్లు వచ్చి రెండొందల ఏళ్లయిందని దేశమంతా పండగ చేసుకుంది. బాణసంచా, ఓడలు, జెండాలు. ఎవరి నేల మీద ఆ పండగో వాళ్లని ఎవరూ అడగలేదు గానీ, వాళ్ల బొమ్మలు మాత్రం ఒక్కసారిగా అందరికీ కావాల్సి వచ్చాయి. పెర్త్‌లో బొమ్మలు అమ్మే ఒక గ్యాలరీ వాళ్లు ఎల్సాకి పెద్ద కాన్వాసులు పంపించారు. మబ్బులున్న బొమ్మలు బాగుంటాయి, ఇంకా వెయ్యమన్నారు. మరుసటి ఏడు ద్వారకానాథ్ ఆఫీసు నుంచి ఉత్సాహంగా ఇంటికొచ్చాడు.

"శేషూ, మా కొత్త బిల్డింగ్ లాబీలో పెట్టడానికి పెద్ద పెయింటింగ్ కొంటున్నారు. ఎవరిదనుకున్నావ్? మీ ఎల్సాది! మా ఆవిడకి ఆవిడ బాగా తెలుసండీ అని చెప్పేశాను. ఓపెనింగ్‌కి పిలుస్తారట. వాళ్లు హోటల్ అన్నారు గానీ, మనింట్లోనే ఉంటారన్నాను. తప్పా?"

"తప్పేముందండీ, మంచి పని చేశారు" అంది శేషుకుమారి.

అక్టోబర్‌లో ఎల్సా, కరోలిన్ విమానం దిగారు. పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో శేషుకుమారి వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇల్లు. చుట్టూ ఇంకా ఇసుక, ఒకటీ అరా పచ్చిక. ఎల్సా ఇల్లంతా తిరిగి చూసి, పెరట్లోకి వెళ్లి నేలని అరచేత్తో తాకి, "ఇక్కడి వాళ్లు ఎవరు?" అని అడిగింది. పక్కింటి వాళ్ల సంగతి అడుగుతోందనుకుని ద్వారకానాథ్ చెప్పబోయాడు. ఆమె అడిగింది ఆ నేల ఎవరిదని. అతనికి తెలీదు. ఆ ప్రశ్న అంతకు ముందెప్పుడూ అతనికి రాలేదు.

బొమ్మ కింద పెట్టడానికి ఆ గుంట పేరు కావాలని కంపెనీ పబ్లిసిటీ ఆవిడ ఫోన్ చేసింది. ఎల్సా చెప్పనంది. "ఆ పేరు అక్కడికి వెళ్లేవాళ్లకి. గోడ మీద రాసుకోడానికి కాదు." దాంతో వాళ్లే ఒక పేరు పెట్టేశారు: 'మాన్‌సూన్'.

పెర్త్ నడిబొడ్డున సెయింట్ జార్జెస్ టెరస్ అనే వీధిలో అద్దాల మేడ. లాబీలో నల్లరాతి నేల, సూట్లు, పొడుగు గ్లాసులు. శేషుకుమారి పట్టుచీర కట్టుకుంది. ఎల్సా పూలగౌను వేసుకుని, కొత్త బూట్లు కరుస్తున్నాయని విప్పి చేత్తో పట్టుకుంది. బొమ్మ గోడంతా ఉంది. కాన్వాసులో సగానికి పైగా మేఘమే. బొగ్గునలుపులోకి ఎరుపు ఎక్కి, కురవకుండా బిగబట్టుకున్న మేఘం. దాని కింద కొండల వరస. కొండల మధ్య, చూపు తిప్పుకోనివ్వని చోట, తెల్లచుక్కల అంచుతో నల్లటి చిన్న గుండ్రం. దాని మీదకి దీపాలు వేశారు.

చైర్మన్ మాట్లాడాడు. వయసు మళ్లిన మనిషి, మెత్తటి గొంతు. "ఈ నేలని, ఈ వాతావరణాన్ని మనకంటే ముందు ప్రేమించిన వాళ్లున్నారు. వాళ్ల చూపుని మన ఇంటికి తెచ్చుకున్నాం. మా కంపెనీకి భూమి వ్యాపారం కాదు, బాధ్యత" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎల్సా చప్పట్లు వినడం లేదు. ఆమె చూపు రిసెప్షన్ బల్ల వెనక గోడ మీద ఉంది. అక్కడ ఇత్తడితో పోత పోసిన గుర్తు మెరుస్తోంది. మూడు నక్షత్రాలు, వాటి కింద ఎద్దు తల. చేతిలో బూట్లతోనే నడుచుకుంటూ వెళ్లి, బల్ల చుట్టూ తిరిగి, ఆ ఎద్దు కొమ్ముల మీద వేలు పెట్టి గీత వెంట జరిపింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఈ ఎద్దు ఎవరిది?"

చైర్మన్ నవ్వాడు. "మాదేనమ్మా. మా కంపెనీ గుర్తు."

"మా గేటు దగ్గర ఉంది."

ఎవరికీ అర్థం కాలేదు. కరోలిన్‌కి అర్థమైంది. చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి, వచ్చి పెద్దమ్మ పక్కన నిలబడింది.

ఎల్సా చైర్మన్‌కి ఎదురుగా వచ్చింది. "ఈ నీళ్లు నచ్చాయా నీకు?"

"చాలా నచ్చాయి. అద్భుతంగా..."

"మరి తాళం ఎందుకేశావ్?"

చైర్మన్ పక్కనున్న వాళ్ల వైపు చూశాడు. ఎవరో వంగి చెవిలో చెప్పారు. "ఓ... అది స్టేషన్ మేనేజర్ చూసుకునే విషయం. పశువుల భద్రత కోసం ఏవో ఏర్పాట్లు ఉంటాయి. తప్పకుండా కనుక్కుంటాం. ఇది సమయం కాదు..."

"నా బొమ్మకి దీపాలు పెట్టావ్. నా నీళ్లకి తాళం పెట్టావ్" అంది ఎల్సా. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేకపోయింది. "మా అమ్మ ఫోటో మీ ఇంట్లో తగిలించుకుని, మా అమ్మని గదిలో వేసి తాళం పెట్టినట్టుంది. దాన్ని దించు."

"చూడమ్మా, ఈ బొమ్మ మేం కొన్నాం."

"బొమ్మ కొన్నావ్. వానని కొన్నావా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పబ్లిసిటీ ఆవిడ కంగారుగా ద్వారకానాథ్ మోచెయ్యి పట్టుకుంది. "మీరు మాట్లాడండి ప్లీజ్. మీవాళ్ల మాటైతే వింటుంది."

"మీవాళ్లంటే?" అన్నాడు ద్వారకానాథ్.

ఆమె అతని మొహం చూసింది, ఎల్సా మొహం చూసింది. ఎర్రబడి, "అంటే... మీ ఇంట్లో ఉంటోంది కదా" అంది.

"నేను రాజమండ్రి నుంచి వచ్చానండీ" అన్నాడు అతను. తను ఏమంటున్నాడో అతనికే తెలీలేదు. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

బొమ్మని ఎవరూ దించలేదు. ఎల్సా దాని వైపు ఒకసారి చూసి, వాళ్ల భాషలో ఏదో మెల్లగా చెప్పి, బూట్లు చేత్తో పట్టుకునే బయటికి నడిచింది.

ఇంటికొచ్చాక శేషుకుమారి అన్నం, పప్పుచారు, చేపల వేపుడు బల్ల మీద పెట్టింది. తర్వాత మొగుడూ పెళ్లాలు తెలుగులో మొదలుపెట్టారు.

"ఆ స్టేషన్ మీ కంపెనీదని మీకు తెలీదా?"

"మాకు డజను స్టేషన్లున్నాయి శేషూ. నాకు ప్యాడక్ నంబర్లే తెలుసు, అక్కడ ఏ గుంట ఉందో నాకెలా తెలుస్తుంది?"

"ప్యాడకంటే?"

"కంచె వేసిన మేత భూమి. ఆ స్టేషన్లో నార్త్-ఈస్ట్ ప్యాడక్‌కి కంచె వెయ్యమని లాయర్ల దగ్గర్నుంచి వచ్చింది. నేను డ్రాయింగ్ ఇచ్చాను, అంతే."

"కంచె వెయ్యమని లాయర్లు చెప్పడవేంటండీ? పశువుల సంగతి లాయర్లకెందుకు?"

ద్వారకానాథ్ అన్నం కలుపుతూ, లెక్క విడమర్చి చెప్పినట్టే చెప్పాడు. "స్టేషన్ భూములన్నీ గవర్నమెంట్ లీజేగా, ఆ లీజ్ కండిషన్స్‌లో ఒకటుంది. కంచె వెయ్యని భూమిలోకి అబోరిజినల్ వాళ్లు పాత పద్ధతిలో వెళ్లొచ్చు, ఆపడానికి లేదు. కంచె వేసేస్తే అది ఎన్‌క్లోజ్డ్ ల్యాండ్ అయిపోతుంది. అప్పుడు వాళ్లకి రైటుండదు. సింపుల్."

చెప్పడం పూర్తయ్యాక, తను చెప్పింది తనకి వినపడినట్టు, కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

శేషుకుమారి ఒక్క మాట కూడా వదలకుండా అదంతా ఇంగ్లీషులో చెప్పింది. అతను వారించబోయాడు. ఆమె వినలేదు.

"అంటే కంచె పశువుల కోసం కాదు" అంది కరోలిన్. "మా కోసం."

ఎల్సా ద్వారకానాథ్ వైపు చూసింది. "నువ్వు వేశావా కంచె?"

"నేను... గీత గీశాను. కాగితం మీద."

"అది ఏ చోటో తెలుసా?"

"తెలీదు."

"నేను కూడా గీస్తా. నేను తెలిసి గీస్తా" అంది ఎల్సా. అన్నం తిని, కంచం కడిగి పెట్టి, పెరట్లోకి వెళ్లి కూర్చుంది.

వారం తిరక్కుండా పబ్లిసిటీ ఆవిడ ఫోన్ చేసింది. కంపెనీ పెద్ద మనసు చేసుకుందట. ఏడాదికి ఒక రోజు గేటు తెరుస్తారట. ముందుగా అనుమతి అడగాలి, మేనేజర్ వెంట ఉంటాడు, ఒక ఫోటోగ్రాఫర్ కూడా వస్తాడు. కరోలిన్ రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి పెద్దమ్మకి చెప్పింది.

"మా ఇంట్లోకి నేను వెళ్తుంటే కాపలావాడూ, ఫోటోలు తీసేవాడూ ఎందుకట?" అంది ఎల్సా. "పెట్టెయ్ ఫోను."

నవంబర్లో ఎర్రకొండల మీదకి రోజూ మేఘాలు ఎక్కుతున్నాయి. పొద్దున తెల్లగా పుట్టి, ఎండ వాలేసరికి నల్లబడి, ఉరిమి, నాలుగు పొడి మెరుపులు మెరిసి పోతున్నాయి. శేషుకుమారి సెలవు పెట్టి వచ్చింది. "నాకు రావాలనుంది. రావచ్చా?" అని ఫోన్లో అడిగితే, "పార పట్టుకోవడం వచ్చా?" అని అడిగింది ఎల్సా.

కరోలిన్ అడిగి తెచ్చిన టొయోటాలో ముసలమ్మలు, పారలు, బకెట్లు, నీళ్ల క్యాన్లు. గేటు దగ్గర ఆగారు. గొలుసులు కత్తిరించే పెద్ద కత్తెర కరోలిన్ తీసింది. ఎల్సా లాక్కుంది.

"నువ్వు స్కూల్లో పనిచేస్తున్నావ్. నీ ఉద్యోగం పోతుంది. నాకేం పోతుంది?"

బలమంతా పెట్టినా మొదట తెగలేదు. కూర్చుని ఊపిరి పీల్చుకుని మళ్లీ పట్టుకుంది. గొలుసు తెగి గేటు తెరుచుకున్నాక, కాన్వాసు మీద చూసిన కొండలే శేషుకుమారికి ఎదురుగా వచ్చాయి. కానీ కొండల మధ్య నల్లటి గుండ్రం లేదు.

గుంట చుట్టూ నేలంతా పశువుల గిట్టలకి చితికిపోయి ఉంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ బురదయ్యాయి. బురదలో దిగబడి చచ్చిన ఆవు ఒకటి, సగం ఎముకలు. రాతిగోడ అడుగున ఊట కళ్లు పేడతో పూడిపోయాయి. ఎన్నో ఏళ్లుగా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. పశువుల భద్రత కోసమే తాళమన్న వాళ్లు, చచ్చిన పశువునైనా తీయలేదు.

ముసలమ్మలు గొల్లుమన్నారు. అప్పుడు మొదటిసారి ఎల్సా గొంతు లేచింది. ఎవర్ని తిట్టిందో, ఏమని తిట్టిందో శేషుకుమారికి ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ కోపానికి భాష అక్కర్లేదు. రాతిగోడకి తగిలి తిరిగి వస్తోంది. తిట్టి తిట్టి ఆగి, గౌను ఎగదోపుకుని బురదలోకి దిగింది ఎల్సా. దిగే ముందు శేషుకుమారిని దగ్గరికి పిలిచి, క్యాన్‌లోంచి నీళ్లు నోట్లోకి తీసుకుని ఆమె నెత్తి మీద తుంపరగా ఊది, గుంట వైపు తిరిగి గట్టిగా ఏదో చెప్పింది.

"కొత్త మనిషివి కదా, నువ్వెవరో నీళ్లకి చెప్తోంది" అంది కరోలిన్. "మా అమ్మ కళ్లు బాగుచేసిన డాక్టర్, పెద్దమ్మ అనే మాట తెలిసిన మనిషి అని."

ఆవు కళేబరాన్ని టొయోటాకి తాడు కట్టి లాగారు. బురద బకెట్లతో ఎత్తి దూరంగా పోశారు. శేషుకుమారి అరచేతులు పొక్కులెక్కాయి. మధ్యాహ్నం దాటాక స్టేషన్ మేనేజరు జీపు, వెనకే పోలీసు బండి వచ్చాయి. మేనేజరు దూరం నుంచే అరవడం మొదలుపెట్టాడు. సార్జెంటు గుంట చూశాడు, కళేబరాన్ని చూశాడు, మోకాళ్ల దాకా బురదలో ఉన్న ఆడవాళ్లని చూశాడు.

"ఎల్సా, నువ్వు నాతో రావాలి."

"వస్తా. ఇంకా బురదుంది. కూర్చో."

సార్జెంటు మేనేజరు వైపు చూడకుండా ఒక రాయి మీద కూర్చున్నాడు. ఊట కళ్లు తేటపడి, ముసలమ్మలు పాట పూర్తి చేసేదాకా లేవలేదు. లేచాక మాత్రం తన పని తను చేశాడు. గొలుసు కోసినందుకు, కంచె వేసిన భూమిలోకి చొరబడినందుకు ఎల్సా ఒక్కదాని మీదే కేసు రాశాడు. అంతా తనే చేశానని ఆమె మొండికేసింది.

కేసు డిసెంబర్లో. ఆదివాసుల కేసులు ఉచితంగా చూసే లీగల్ సర్వీసు నుంచి వచ్చిన కుర్ర లాయరు ఒక్కటే అడిగాడు: ఆ కంచె పశువుల కోసం కాదని చెప్పగలిగిన వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎల్సా కరోలిన్ చేత కానింగ్ వేల్‌కి ఫోన్ కలిపించింది.

"ఆ రోజు అన్నం తింటూ చెప్పావే, అదే కోర్టులో చెప్పు" అంది ద్వారకానాథ్‌తో.

అతను రెండ్రోజులు ఇంట్లో పిల్లిలా తిరిగాడు. "ఉద్యోగం పోతుంది శేషూ. ఇంటి అప్పు మీద వడ్డీలు చూస్తున్నావుగా ఎలా మండిపోతున్నాయో. ఈ వయసులో నాకింకో కంపెనీ ఎక్కడ దొరుకుతుంది?"

"నేను వెళ్లమని అనను, వద్దనీ అనను" అంది శేషుకుమారి. "కానీ ఒకటడుగుతాను. ఆ రోజు పబ్లిసిటీ ఆవిడ 'మీవాళ్లు' అంటే మీకు కోపమెందుకొచ్చింది? ఎల్సాతో కలిపినందుకా, ఎల్సాని నోరు మూయించడానికి మిమ్మల్ని వాడుకోబోయినందుకా?"

అతను మర్నాడే విమానం టికెట్టు కొనుక్కున్నాడు.

కోర్టంటే పోలీసు స్టేషన్ పక్కన ఒకే గది, పైన ఫ్యాన్లు. మేజిస్ట్రేటు ఊరూరూ తిరిగే మనిషి. ద్వారకానాథ్ చెమట తుడుచుకుంటూ చెప్పాడు. ఆ ప్యాడక్‌లో మేత కోసం కంచె అడిగిన వాళ్లెవరూ లేరని, అడిగింది లాయర్లని, ఎందుకడిగారో వాళ్లే రాసి పంపారని, గీత గీసింది తనేనని. పోలీసుల తరఫు లాయరు లేచి, సాక్షి భార్య నిందితురాలికి స్నేహితురాలు కదా అన్నాడు. "అవును. ఎల్సా చెబితేనే నాకు తెలిసింది, నేను గీసింది ఏమిటో" అన్నాడు ద్వారకానాథ్.

మేజిస్ట్రేటు చాలాసేపు రాసుకున్నాడు. చివరికి, కంచె ఎందుకు వేశారన్నది తన ముందున్న ప్రశ్న కాదన్నాడు. కంచె ఉంది, కాబట్టి అది మూసిన భూమి. నేరం జరిగింది. అయితే నిందితురాలి వయసు, భావాలు దృష్టిలో పెట్టుకుని శిక్ష ఏమీ వెయ్యకుండా మన్నించి వదిలేస్తున్నానన్నాడు.

కుర్ర లాయరు ఊపిరి పీల్చుకున్నాడు. కరోలిన్ పెద్దమ్మ చెవిలో చెప్పింది. ఎల్సా లేచి నిలబడింది.

"నన్ను ఎందుకు మన్నిస్తున్నావ్?"

"కూర్చోండమ్మా, అయిపోయింది" అన్నాడు మేజిస్ట్రేటు.

"అవలేదు. మన్నించడానికి నేనేం తప్పు చేశాను? మా నాన్న గుర్రాలు లొంగదీస్తే డబ్బివ్వలేదు. మమ్మల్ని లారీలో తెచ్చి పారేశారు. నీళ్లలో ఆవుని కుళ్లబెట్టారు. నేను బురద తీశాను. నువ్వు మన్నించాల్సింది నన్నా? తప్పు చేశానంటావా, జైల్లో పెట్టు. చెయ్యలేదంటావా, చెయ్యలేదని చెప్పు. మధ్యలో ఈ జాలి నాకొద్దు."

మేజిస్ట్రేటు మొహం కందిపోయింది. తర్వాతి కేసు పిలవమన్నాడు.

బయట పెర్త్ పత్రిక విలేకరి ఒకడు కెమెరాతో కాచుకుని ఉన్నాడు. కొండల మీద మేఘం దట్టంగా పట్టింది. "ఎల్సా, మీరు పాడాక ఈ ఏడు వానలు తొందరగా వస్తున్నాయంటున్నారు, నిజమేనా? ఒకసారి మేఘం వైపు చెయ్యి చూపించండి, ఫోటో బాగుంటుంది" అన్నాడు.

"వాన గురించి అడక్కు. తాళం గురించి అడుగు" అంది ఎల్సా.

వాడు అడగలేదు. ఆమె చెయ్యి చూపించలేదు కూడా. ఆ ఆదివారం పత్రికలో మేఘం ఫోటో పెద్దగా వేసి, 'వానని పిలిచిన బామ్మ' అని రాశారు. కంచె సంగతి ఎక్కడో చివర ఒక్క వాక్యం.

కొత్త ఏడాదిలో ద్వారకానాథ్‌ని కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. మాంద్యం అన్నారు. చాలామందిని తీసేశారు కాబట్టి ఎవరూ ఏమీ అనడానికి లేకపోయింది. ఏడాది దాకా అతనికి సరైన పని దొరకలేదు. శేషుకుమారి రెండు క్లినిక్కుల్లో చేసి ఇల్లు నెట్టుకొచ్చింది. ఇంట్లో కేకలు, అలకలు ఉన్నాయి. కానీ కోర్టుకి ఎందుకెళ్లానన్న మాట ఒక్కసారి కూడా అతని నోట రాలేదు. లాబీలో బొమ్మని కూడా తీసేశారట. దించి ఎక్కడో కింది అంతస్తులో గోడకి ఆనించారని తెలిసినప్పుడు, "అయితే దానికీ తాళం పడింది" అంది ఎల్సా.

గేటుకి కొత్త తాళం పడింది. మరుసటి ఏడు మేఘాలు ఎక్కగానే వెళ్లి దాన్నీ కోశారు. మళ్లీ కేసు, మళ్లీ కోర్టు. ఈసారి లాబీలో చప్పట్లు కొట్టిన వాళ్లలో కొందరు ఎల్సా వైపు మాట్లాడుతూ పత్రికలకి రాశారు. గ్యాలరీ వాళ్లు మాత్రం ఎల్సా కొత్త బొమ్మలు తిప్పి పంపారు. కొనేవాళ్లు మబ్బులు అడుగుతున్నారట, మబ్బు కింద ఈ కంచెలు, చచ్చిన పశువులు ఎందుకని. ఎల్సా వాటిని ఇంటి గోడలకే ఆనించి పెట్టుకుని, వేస్తూనే ఉంది.

తొంభై ఒకటి నవంబర్లో వెళ్లేసరికి గేటుకి తాళం లేదు. గొలుసూ లేదు. ఎవరు తీయించారో, ఎందుకు తీయించారో ఎవరూ చెప్పలేదు. తప్పయిందన్న మాట ఏ వైపు నుంచీ రాలేదు. ఆ ఏడు శేషుకుమారి, ద్వారకానాథ్ ఇద్దరూ వచ్చారు. అతను దిగి గేటు బార్లా తెరిచి, నవ్వుతూ, "మొత్తానికి గెలిచారు" అన్నాడు.

ఎల్సా నవ్వలేదు. "నాది నాకు తిరిగిచ్చారు. అది కూడా దొంగచాటుగా, మొహం చూపించకుండా. దానికి గెలుపని పేరా?" అంది. బండి గుంట దగ్గర ఆగింది. గట్టున మళ్లీ గిట్టల గుర్తులు, నీళ్ల మీద నాచు. దూరంగా ఉరుము మొదలైంది.

"చూస్తారేం?" అంది అందర్నీ కోపంగా. "పారలు దించండి."